ఒకే పాత్ర, మూడు సినిమాలు, ముగ్గురు నటీమణులు: మూకీ కౌబాయ్ సినిమాల్లో అసలు మనుషులు ఏమయ్యారు?

పాతరీలు (ఫ్రీమాంట్) – ఆదివారం ఉదయం

అందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నామో చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లోనే నైల్స్ అని ఒక పాత పేట ఉంది. పాత రైలు పట్టాలు, ఒకే ఒక బజారు, ఆ బజారులో 1913 నాటి ఎడిసన్ థియేటర్. ఇప్పుడది ఎస్సనే మూకీ సినిమాల మ్యూజియం. శనివారం రాత్రుళ్లు పక్కన కూర్చుని పియానో వాయిస్తుంటే తెర మీద వందేళ్ల నాటి బొమ్మ ఆడుతుంది. ఇన్నేళ్లూ ఆ హాలు ముందు నుంచే కారులో వెళ్లాను గానీ, లోపలికి వెళ్లింది నిన్ననే.

మొట్టమొదటి కౌబాయ్ స్టార్ 'బ్రాంకో బిల్లీ' ఆండర్సన్ 1912 నుంచి 1916 దాకా ఇక్కడే ఎస్సనే కంపెనీ తరఫున వరసగా చిన్న చిన్న సినిమాలు తీశాడు. ఆయన అసలు పేరు మాక్స్ అరాన్సన్, ఆర్కన్సాలోని ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. అంటే అమెరికా మొదటి కౌబాయ్ హీరో తన పేరు మార్చుకుని తెర మీదికి వచ్చినవాడే. అది తెలిశాక, ఆ ఫ్రేముల్లో వెనక నిలబడ్డ మిగతావాళ్లు ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను. రాత్రి రెండు దాకా నిద్రపోలేదు.

ఒక్క ఉదాహరణ చెప్పి చర్చ మీకు వదిలేస్తాను. 'ది స్క్వా మ్యాన్' అనే కథను సెసిల్ బి. డెమిల్ మూడుసార్లు తీశాడు. 1914లో తెల్ల హీరోకి నేటివ్ అమెరికన్ (అమెరికా ఆదివాసీ) భార్య పాత్ర వేసింది రెడ్ వింగ్. అసలు పేరు లిలియన్ సెయింట్ సైర్, నెబ్రాస్కాలో పుట్టిన హో-చంక్ జాతి మనిషి. 1918లో అదే పాత్ర ఆన్ లిటిల్‌కి వెళ్లింది, ఆవిడ తెల్లావిడ. 1931లో మాటలొచ్చాక మెక్సికో నటి లూపే వేలెజ్ వేసింది. దర్శకుడు ఒకడే, పాత్ర ఒకటే. మొదటిసారి అసలు మనిషి దొరికింది, రెండోసారికి అక్కర్లేకపోయింది. కాలం గడిచేకొద్దీ పరిస్థితి మెరుగవుతుంది అనుకుంటాం కదా, ఇక్కడ వెనక్కి నడిచింది. ఎందుకు?

తుంగభద్ర (కర్నూలు)

చాలా మంచి టాపిక్ అన్నా. మా చిన్నప్పుడు కర్నూల్లో మార్నింగ్ షోకి ఇంగ్లిష్ సినిమాలు వేసేవాళ్లు. వాటిలో రెడ్ ఇండియన్లు అంటే ఈకలు పెట్టుకుని, నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ అరిచి, హీరో తుపాకీకి గుర్రం మీంచి పడిపోయేవాళ్లే. ఒక్కడికి పేరుండదు, ఇల్లుండదు, పెళ్లాం పిల్లలుండరు. మరి అంతకు ముందటి మూకీలు ఇంకా ఘోరంగా ఉండాలి కదా? మీరు చెప్పేది తలకిందులుగా ఉంది. కాస్త వివరంగా రాయండి.

పాతరీలు

తమ్ముడూ, ముందు ఒక చిన్న మాట. 'రెడ్ ఇండియన్' అని మన పాఠ్యపుస్తకాల్లోనే ఉండేది, నేనూ అలాగే అన్నాను చాలా ఏళ్లు. వాళ్లు ఆ మాట ఇష్టపడరు. తెలిస్తే జాతి పేరు (లకోటా, కొమాంచి, నవాహో), తెలియకపోతే నేటివ్ అమెరికన్ అందాం.

ఇక అసలు విషయం. 1909–10 ప్రాంతంలో ఫ్రెంచి కంపెనీ పాథే అమెరికా మార్కెట్ కోసం వెస్టర్న్‌లు (కౌబాయ్ సినిమాలు) తీసేది. అవి దొంగ వెస్టర్న్‌లని అక్కడి పత్రికలు ఏకిపారేశాయి. అప్పుడు పాథే వాళ్లు పిలిచింది రెడ్ వింగ్‌ని, ఆవిడ భర్త జేమ్స్ యంగ్ డీర్‌ని. యంగ్ డీర్ ఊరికే వేషాలు వేయలేదు. కథ రాశాడు, దర్శకత్వం చేశాడు, తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పాథే స్టూడియోకే అధిపతి అయ్యాడు. 1911లో ఒక నేటివ్ మనిషి స్టూడియో నడిపాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆయన 1910లో తీసిన 'వైట్ ఫాన్స్ డివోషన్' ఇప్పటికీ ఉంది, పదకొండు నిమిషాలు. ఒక తెల్లవాడు, అతని నేటివ్ భార్య వైట్ ఫాన్ (తెల్ల లేడికూన అని ఆ పేరుకు అర్థం), వాళ్ల పాప. అతనికి ఎక్కడినుంచో ఆస్తి కలిసొచ్చిందని ఉత్తరం వస్తుంది. వెళ్తే తిరిగి రాడని భార్య కత్తితో పొడుచుకుంటుంది. తండ్రే చంపాడనుకుని పాప తన వాళ్ల దగ్గరికి పరిగెడుతుంది, వాళ్లు అతన్ని తరిమి పట్టుకుంటారు. ఇక చంపేస్తారనగా, బతికి బయటపడ్డ భార్య వచ్చి ఆపుతుంది. ముగ్గురూ కలిసే ఉంటారు.

ఇప్పుడు 1914 'స్క్వా మ్యాన్'తో పోల్చి చూడండి. అక్కడా తెల్ల భర్త, నేటివ్ భార్య, బిడ్డ. కానీ చివర్లో బిడ్డను ఇంగ్లండ్ పంపేస్తారు, ఆవిడ ప్రాణం తీసుకుంటుంది, హీరో దారి సులువవుతుంది. యంగ్ డీర్ కథలో ఆ తల్లి బతికింది. నాలుగేళ్లకే చచ్చిపోవాల్సి వచ్చింది.

చరిత్ర_మాస్టారు (విజయనగరం)

బాగా రాశారు. ఒక హెచ్చరిక కూడా చేస్తాను, ఏమనుకోకండి. ఆ రోజుల్ని మరీ బంగారు కాలంగా చూడొద్దు.

అప్పటి తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. వూండెడ్ నీ ఊచకోత 1890 డిసెంబరులో. సైన్యం చంపిన లకోటాల్లో ఆడవాళ్లు, పసిపిల్లలు చాలామంది. నేటివ్ అమెరికన్లందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. ఈ రెండింటి మధ్యే మూకీ వెస్టర్న్‌లు పుట్టి పెరిగాయి. రిజర్వేషన్ (ప్రభుత్వం వాళ్లకు కేటాయించిన ప్రాంతం) దాటి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ ఏజెంటు అనుమతి కావాలి. రెడ్ వింగ్ చదివింది కార్లైల్ బడిలో, పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని బడి అది. అలాంటి చోట చదివిన అమ్మాయిని సినిమావాళ్లు పిలిచి 'మీ సంప్రదాయ దుస్తులు వేసుకుని రా' అన్నారు. బడిలో ఊడదీసినదాన్నే కెమెరా ముందు తొడుక్కోమన్నారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

థామస్ ఇన్స్ 1912 ప్రాంతంలో శాంటా మోనికా దగ్గర లోయలో పెద్ద స్థావరం పెట్టాడు, ఇన్స్‌విల్ అనేవాళ్లు. 101 రాంచ్ అనే సర్కస్ లాంటి వైల్డ్ వెస్ట్ షో బృందాన్ని మొత్తం అద్దెకు తీసుకున్నాడు. కౌబాయ్‌లు, గుర్రాలు, వాళ్లతోపాటు లకోటా కుటుంబాలు. అక్కడే టిపీలు (వాళ్ల గుడారాలు) వేసుకుని ఉండేవాళ్లు. విలియం ఈగిల్ షర్ట్ లాంటి వాళ్లకు మంచి పాత్రలే దొరికాయి. కానీ 1912లో వచ్చిన 'ది ఇన్వేడర్స్'లో నాయకుడి కూతురు ఎవరనుకుంటున్నారు? ఆన్ లిటిల్! మీరు చెప్పిన 1918 నాటి ఆవిడే. కాబట్టి మీరు అడిగిన 'వెనక్కి నడక' 1914 తర్వాత మొదలవలేదు. మొదటినుంచీ పక్కనే ఉంది, తర్వాత అదే మిగిలింది.

పాతరీలు

మాస్టారూ, నిజం. నేను 1914ని గీతలా గీశాను, తప్పే. ఆన్ లిటిల్ సంగతి నాకు తెలియదు.

చరిత్ర_మాస్టారు

మీ నైల్స్ కంపెనీకి సంబంధించినదే ఇంకొకటి. 1913లో వైల్డ్ వెస్ట్ షోలు నడిపిన బఫలో బిల్, ఎస్సనే కలిసి 'ఇండియన్ వార్స్' చిత్రం తీశారు. షూటింగ్ ఎక్కడ? పైన్ రిడ్జ్‌లో, వూండెడ్ నీ జరిగిన చోటే. ఆ రోజు ప్రాణాలతో మిగిలిన లకోటాల చేతే ఆ ఊచకోతను మళ్లీ నటింపజేశారు. జనరల్ మైల్స్ దగ్గరుండి 'యథాతథంగా' రావాలని పట్టుబట్టాడు. తన వాళ్లు కూలిపోయిన నేల మీద మళ్లీ కూలిపోయినట్టు పడుకోమంటే ఆ మనిషికి లోపల ఏమవుతుంది! ఆ సినిమా దాదాపు మొత్తం పోయింది. పోవడం మంచిదా చెడ్డదా నేను తేల్చుకోలేకపోయాను.

కాకినాడ_కుర్రాడు

పెద్దలకు నమస్కారం. నేను వేరేగా ఆలోచిస్తాను. వేషం అంటేనే మనది కానిది వేసుకోవడం. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకున్నారు. సావిత్రి గారు ఏ పాత్ర వేసినా ఆ పాత్రే కనపడింది. తెల్ల నటుడు నవాహో పాత్రను గౌరవంగా వేస్తే తప్పేంటి? 'వానిషింగ్ అమెరికన్' (1925) చూశాను. రిచర్డ్ డిక్స్ కళ్లలో నిజమైన బాధ ఉంది. యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి ఇంటికొస్తే భూములు పోయి ఉంటాయి. ఆ సినిమా నేటివ్‌ల పక్షానే నిలబడింది.

మల్లెపందిరి (హైదరాబాద్)

మంచి ప్రశ్న తమ్ముడూ. కానీ స్థానం వారి కాలంలో ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వలేదు కాబట్టే మగవాళ్లు వేశారు. ఆయన గొప్పతనం వేరు, ఆ తలుపు మూసి ఉండటం వేరు. రెండూ కలపకూడదు.

డిక్స్ బాగా చేశాడు, ఒప్పుకుంటా. అయితే ఆ సినిమా పేరేమిటి? అంతరించిపోతున్న అమెరికన్. మాన్యుమెంట్ వ్యాలీలో తీశారు, అసలు నవాహోలు వెనక గుంపులో నిలబడి ఉన్నారు. అంతరించిపోతున్నారని చెప్పే కథలో, బతికున్నవాళ్ల ముందే, వాళ్ల పాత్రను రంగు పూసుకున్నాయన వేశాడు. బాధంతా ఆయన ముఖంలో చూశాం గానీ వాళ్ల ముఖాల దగ్గరికి కెమెరా వెళ్లలేదు.

పాతరీలు

కాకినాడ తమ్ముడి మాటలో న్యాయం ఉంది. వేషం ఎవరైనా వేయొచ్చు. కానీ ఆ దారి ఒకవైపే ఉంది, అదే నా బాధ. నోబుల్ జాన్సన్ అనే నల్ల నటుడు ఉన్నాడు. ఆరడుగుల పైన మనిషి, గుర్రం స్వారీలో దిట్ట. యూనివర్సల్ వాళ్ల సినిమాల్లో నేటివ్‌గా వేశాడు, మెక్సికన్‌గా వేశాడు, ఇంకా రకరకాల దేశాలవాడిగా వేశాడు. హీరో మాత్రం కాలేదు. అందుకే 1916లో అన్నదమ్ములు, స్నేహితులు కలిసి లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టుకున్నారు. అందులో 'ట్రూపర్ ఆఫ్ ట్రూప్ కె' తీశారు, మెక్సికో సరిహద్దులో పోరాడిన నల్ల అశ్వికదళం కథ. అక్కడ ఆయనే హీరో. నల్లవాళ్ల థియేటర్లలో ఆయన సొంత సినిమాలకు జనం ఎగబడేసరికి యూనివర్సల్ ఒత్తిడి చేసింది, 1918లో లింకన్ వదిలి వెళ్లిపోయాడు.

జపాన్ నటుడు హయకావా సంగతి చూడండి. 1914లో ఇన్స్ దగ్గర 'లాస్ట్ ఆఫ్ ది లైన్'లో సూ (లకోటాలు ఈ జాతిలో ఒక శాఖ) నాయకుడి కొడుకుగా వేశాడు. తండ్రిగా వేసింది జో గుడ్‌బాయ్, నిజమైన లకోటా. తండ్రి లకోటా, కొడుకు జపనీయుడు! తెల్లవాడు కాని ఎవరైనా ఎవరికైనా సరిపోతాడని అప్పటి లెక్క.

కాకినాడ_కుర్రాడు

'దారి ఒకవైపే ఉంది' అన్నది అర్థమైంది. ఆ కోణంలో ఆలోచించలేదు. థాంక్స్ అన్నా.

ఓకీ_తెలుగు (టల్సా)

ఆలస్యంగా చూశాను. ఓక్లహోమాలో ఉంటూ ఈ చర్చలో రాయకపోతే తప్పు చేసినట్టే.

మొదటిది బిల్ పికెట్. టెక్సస్‌లో పుట్టిన నల్ల కౌబాయ్, 101 రాంచ్ మనిషి. ఆ రాంచ్ ఇక్కడే పోంకా సిటీ దగ్గర ఉండేది. పరిగెత్తే ఎద్దు పక్కన గుర్రాన్ని పరిగెత్తించి, దాని మీదికి దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి, పై పెదవిని పళ్లతో కొరికి పట్టుకుని పడగొట్టేవాడు. 'బుల్‌డాగింగ్' అంటారు. ఇవాళ ప్రతి రోడియోలో ఎద్దును మెడ తిప్పి పడగొట్టే పోటీ ఉంది కదా, దాని మూలపురుషుడు ఈయనే.

ఫ్లోరిడా జాక్సన్‌విల్‌కు చెందిన రిచర్డ్ నార్మన్ అనే తెల్ల నిర్మాత నల్ల ప్రేక్షకుల కోసం, నల్ల నటులతోనే సినిమాలు తీసేవాడు. పికెట్‌తో రెండు తీశాడు, 'ది బుల్-డాగర్', 'ది క్రిమ్సన్ స్కల్'. షూటింగ్ బోలీలో. 1903లో పుట్టిన ఊరు, పూర్తిగా నల్లవాళ్లదే. బ్యాంకు వాళ్లదే, మేయరూ వాళ్లే, దుకాణాలూ వాళ్లవే. ఆనాటి కౌబాయ్‌ల్లో, అంటే పశువుల కాపరుల్లో, నాలుగోవంతు దాకా నల్లవాళ్లేనని చరిత్రకారుల అంచనా. హాలీవుడ్ తెర మీద ఆ నాలుగోవంతు మాయం. బోలీలో కనిపించింది. 'క్రిమ్సన్ స్కల్' పోయింది, పోస్టర్లు మిగిలాయి. 'బుల్-డాగర్' ముక్కలు ఉన్నాయి.

ఇంకొకటి చెబితే మీకు కోపం వస్తుంది. 1994లో అమెరికా తపాలా శాఖ పికెట్ స్టాంపు వేసింది. బొమ్మ ఆయనది కాదు, తమ్ముడు బెన్‌ది. తర్వాత వెనక్కి తీసుకుని మళ్లీ వేశారు.

రెండోది 'డాటర్ ఆఫ్ డాన్' (1920). దక్షిణ ఓక్లహోమాలో విచిటా కొండల్లో తీశారు. మూడొందల మందికి పైగా కయోవా, కొమాంచి జనం నటించారు. తెల్ల నటుడు ఒక్కడు లేడు (దర్శకుడు మాత్రం తెల్లాయనే). సొంత టిపీలు, సొంత గుర్రాలు, అమ్మమ్మల నాటి దుస్తులు తెచ్చుకున్నారు. హీరో వైట్ పార్కర్, కొమాంచి నాయకుడు క్వానా పార్కర్ కొడుకు. క్వానా కూతురు వనాడా కూడా ఇందులో నటించింది. అప్పట్లో కొద్దిచోట్ల ఆడి మాయమైంది. 2005లో నార్త్ కరోలినాలో ఒక ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర బయటపడింది, ఎవరో ఫీజు బదులు ఆ రీళ్లు ఇచ్చారట. ఓక్లహోమా హిస్టారికల్ సొసైటీ బాగుచేయించింది, సంగీతం కట్టింది కొమాంచి స్వరకర్త డేవిడ్ యేగ్లీ. నేను చూసినప్పుడు కథ మామూలు ముక్కోణపు ప్రేమకథే అనిపించింది. కానీ ఆడవాళ్లు నవ్వుకుంటూ మాంసం కోస్తున్న సీనులో నటన అనిపించలేదు. ఇంటి దగ్గర మనుషులు ఎలా ఉంటారో అలా ఉన్నారు.

తుంగభద్ర

పేరుండదు, ఇల్లుండదు, పెళ్లాం పిల్లలుండరు అని నేను రాశాను పైన. ఆ ఇల్లు 1920లోనే తీసి పెట్టారన్నమాట. ఇవాళే చూస్తాను.

మల్లెపందిరి

ఆడవాళ్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. 1914లో శాన్ రఫేల్‌లో తీసిన 'సాలమీ జేన్'లో నాయిక బియాట్రిస్ మిచెలీనా. తండ్రిది వెనెజువెలా, ఆవిడ ఒపేరా గాయని. ఆండర్సన్ పేరు మార్చుకున్నాడు కదా, ఈవిడ తన స్పానిష్ ఇంటిపేరును పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేయించుకుంది.

మామూలు మెక్సికన్ పాత్రలకు మాత్రం ఆ గౌరవం లేదు. 'గ్రీజర్' అనే తిట్టుమాట సినిమా పేర్లలోనే ఉండేది. 1908లో దర్శకుడు గ్రిఫిత్ తీసిన దాంట్లో ఉంది, 1914లో బ్రాంకో బిల్లీ సినిమాలోనూ ఉంది (పాతరీలు గారూ, మీ నైల్స్ హీరోయే). చివరికి 1922లో మెక్సికో ప్రభుత్వం, తమను కించపరిచే సినిమాలు తీసే కంపెనీల సినిమాలన్నీ దేశంలోకి రానివ్వమంది. ఒక్క సినిమా మీద కాదు, ఆ కంపెనీ మొత్తం మీద నిషేధం. హాలీవుడ్‌కి డబ్బు దగ్గర తగిలింది.

అంతకు ముందే 1911లో నేటివ్ ప్రతినిధులు వాషింగ్టన్ వెళ్లి, సినిమాల్లో తమను చూపించే తీరు మీద ఫిర్యాదు చేశారు. వాళ్లకు దిగుమతి ఆపే అధికారం లేదు. అందుకే ఎవరూ వినలేదు.

కెమెరా వెనక కూడా ఆడవాళ్లున్నారు. రూత్ ఆన్ బాల్డ్విన్ 1917లో '49–'17' అనే వెస్టర్న్‌కి దర్శకత్వం వహించింది, అది ఇప్పటికీ ఉంది. 101 రాంచ్ నుంచే వచ్చిన హెలెన్ గిబ్సన్ కదిలే రైళ్ల మీద పరిగెత్తింది.

చరిత్ర_మాస్టారు

ఆస్కార్ మిషో పేరు లేకుండా ఈ చర్చ పూర్తికాదు. దక్షిణ డకోటాలో సొంతంగా భూమి దున్నిన నల్ల రైతు. ఆ అనుభవాన్నే నవలగా రాసి, ఇంటింటికీ తిరిగి అమ్మి, 1919లో 'ది హోమ్‌స్టెడర్' సినిమాగా తీశాడు. నల్ల దర్శకుడు తీసిన మొదటి పూర్తి నిడివి చిత్రం అదే. అది పోయింది. మరుసటేడు తీసిన 'సింబల్ ఆఫ్ ది అన్‌కాంకర్డ్' బెల్జియంలో దొరికింది. అందులో నూనె బావులున్న తన భూమి కోసం ముసుగు దొంగల్ని ఎదిరించే నల్ల హీరోని చూడొచ్చు.

ఇంకొకాయన ఎడ్విన్ కెరూ, చికసా జాతివాడు. 1928లో 'రమోనా' తీశాడు. దర్శకుడు నేటివ్, నాయిక మెక్సికోకి చెందిన డోలొరెస్ డెల్ రియో, నేటివ్ హీరో అలెసాండ్రో పాత్రలో మాత్రం తెల్లవాడైన వార్నర్ బాక్స్టర్. దర్శకుడే నేటివ్ మనిషైనా హీరో దగ్గర రాజీ పడాల్సి వచ్చింది. దీని ప్రింటు ప్రాగ్ ఆర్కైవ్‌లో దొరికింది.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తీసింది. అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూకీలు 10,919, అసలు రూపంలో మిగిలినవి 14 శాతం. మనకీ ఈ బాధ కొత్త కాదు. రఘుపతి వెంకయ్య గారు, ప్రకాశ్ గారు తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' ఎక్కడుంది? కానీ పెద్ద స్టూడియోకి ఒకటి పోతే పది మిగులుతాయి. కొద్ది ప్రింట్లు మాత్రమే వేసుకోగలిగిన మిషోకి, నార్మన్‌కి పోతే మొత్తం పోయినట్టే.

పాతరీలు

రెడ్ వింగ్ ఏమైందో చూశాను మాస్టారూ. పాత్రలు తగ్గిపోయాక న్యూయార్క్ వెళ్లిపోయింది. సంప్రదాయ దుస్తులు కుట్టేది, బడుల్లో తన జాతి గురించి చెప్పేది. 1974లో పోయింది. ఇంత దాకా బతికిన మనిషి! అప్పటికి మా నాన్నగారు కాలేజీలో ఉన్నారు.

మల్లెపందిరి

నాకొక ఆలోచన. మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారం పిల్లలకు తెలుగు క్లాసు చెబుతాను. 'వైట్ ఫాన్స్ డివోషన్' చూపించి, టైటిల్ కార్డులు (సీన్ల మధ్య తెర మీద వచ్చే రాతలు) తెలుగులో రాసి పక్కన చదువుతాను. మాటలు లేవు కాబట్టి డబ్బింగ్ గొడవ లేదు. పేరు దగ్గరే ఆగిపోయాను. 'తెల్లలేడి పతిభక్తి' అనొచ్చా?

చరిత్ర_మాస్టారు

పతిభక్తి వద్దమ్మా. ఆ మాట వినగానే పిల్లలకు సుమతి, అనసూయ గుర్తొస్తారు, కథ మనదైపోతుంది. ఆవిడ భర్త కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి కాదు. కోపంతో వచ్చిన తన వాళ్లందరికీ ఎదురు నిలబడి ఆపింది.

ఓకీ_తెలుగు

'తెల్లలేడి అనురాగం'?

తుంగభద్ర

'తెల్లలేడి' అంటే ఆవిడే తెల్లావిడ అనుకోరూ పిల్లలు? 'వెన్నెల లేడి' అంటే?

పాతరీలు

అలా మార్చొద్దు తమ్ముడూ. ఆ పేరు యంగ్ డీర్ పెట్టింది, అలాగే ఉండనిద్దాం. 'తెల్లలేడికూన' అంటే జంతువు పేరని వెంటనే తెలుస్తుంది. 'స్క్వా' అనే మాట ఎక్కడైనా వస్తే మాత్రం అనువాదం చేయొద్దు అక్కా, తీసేయండి. నేటివ్ ఆడవాళ్లను కించపరిచే మాట అది. 2022లో అమెరికా ప్రభుత్వమే దాదాపు 650 కొండలు, వాగుల పేర్లలోంచి తీసేసింది.

మల్లెపందిరి

సరే. 'తెల్లలేడికూన అనురాగం'. కార్డులన్నీ రాసి బుధవారం ఇక్కడ పెడతాను, మాస్టారు దిద్దాలి.

చరిత్ర_మాస్టారు

పంపు తల్లీ. ఉత్తరం వచ్చే సీను కార్డు జాగ్రత్తగా రాయి. 'ఆస్తి వచ్చింది' అని కాదు, 'ఆస్తి కలిసొచ్చింది' అనాలి.